రేడియో ఇంటి తలుపు రాళ్ళు

మా ఇంటిని ఊళ్ళో రేడియో ఇల్లు అనేవారు. ముందు గోడ సగం మేర చదరపు కన్నాల సిమెంటు జాలీ ఉంటుంది. దూరం నుంచి చూస్తే పాతకాలపు పెద్ద రేడియోలాగే కనిపిస్తుంది. చిల్లకూరు దాటి సముద్రం వైపు వచ్చే దారిలో ఇంకా తాటాకు ఇళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల్లో, అరవైల్లో, మద్రాసులో చదువుకున్న ఒక ఇంజనీరు స్నేహితుడి చేత గీయించుకుని మా నాయన కట్టించిన ఇల్లది. చదునైన స్లాబు, మొజాయిక్ నేల, మెట్ల పక్కన ఓడకున్నట్టు గుండ్రటి కిటికీలు, ఒక్క స్తంభం కూడా లేకుండా ముందుకు చాచిన పోర్టికో. ఆ పోర్టికో ఎప్పుడు కూలుతుందా అని ఊరు చాలాకాలం ఎదురుచూసింది. అది కూలలేదు. ఎదురుచూసినవాళ్ళలో చాలామంది పోయారు.

నాయనది గూడూరులో అభ్రకం వ్యాపారం. ఆ అభ్రకం పొడిని ముందు గోడ పూతలో కలిపించాడు. మేము దాన్ని కాకిబంగారం అనేవాళ్ళం. పొద్దుటి ఎండకి గోడ తళతళలాడేదట. నేను మాత్రం చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ దాని మీద సున్నం కొట్టించేసింది. ఉగాదికి వెల్ల వేయని ఇల్లు ఆమె దృష్టిలో ఇల్లే కాదు. గోడకి కొట్టిన చేత్తోనే జాలీకీ కొట్టేవాళ్ళు. కన్నాలు ఏడాదికేడాది చిన్నవవుతున్నాయని ఎవరూ గమనించలేదు. గమనించినా తెల్లగా ఉందా లేదా అన్నదే మాకు ముఖ్యం.

చిన్నప్పుడు నాకు బాగా గుర్తున్నది ఇంట్లో గాలి. ఎండాకాలం మధ్యాహ్నం పడమటి వడగాలి ఆగి, సముద్రం వైపు నుంచి చల్లగాలి మొదలయ్యేది. గాలి మళ్ళింది అనేవారు. ఆ గాలి జాలీలోంచి హాల్లోకి దూరి వెనక్కి పోతూ తలుపులన్నిటినీ దబదబా కొట్టేది. "తలుపుకి రాయి పెట్టండిరా!" అని నాయన వెనక గదిలో పడుకుని నిద్రలోంచే కేకేసేవాడు. ప్రతి తలుపుకీ ఒక రాయి ఉండేది. ఒకటి అరిగిపోయిన రోటి పొత్రం, మిగతావి ఎక్కడివో తెలియదు. రాళ్ళు పెట్టే పని నాది. ఆ పనంటే నాకు చచ్చేంత చిరాకు.

నెల్లూరు కాలేజీలో లెక్కల పంతులమ్మగా చేసి రిటైరయ్యాక నేను ఆ ఇంటికే వచ్చాను. నాయనా అమ్మా ఎప్పుడో పోయారు. ఇల్లు మా అన్నకీ నాకూ ఉమ్మడి. అన్నకి పక్క వీధిలో వేరే ఇల్లుంది, ఊరి బయట రొయ్యల చెరువులున్నాయి. రేడియో ఇంటిని పడగొట్టి, ఆ జాగాలో రొయ్యల మేతకి షెడ్డు వేయాలని ఆయన ఆలోచన. అందులో దుర్మార్గమేమీ లేదు. స్లాబు కింద కమ్ములు తుప్పుపట్టి పెచ్చులు రాలుతున్నాయి. ఎండాకాలం హాల్లో కూర్చుంటే కుర్చీ చేతులు కూడా కాలేవి.

"ఇది ఇల్లు కాదు మే, ఇటికల బట్టి. దీంట్లో ఎట్టా పండుకుంటావు?" అన్నాడు.

"బాగు చేయిస్తానన్నా."

"చేపించుకో. ఎండాకాలం పొయ్యేలోగా ఒక్క మద్యాన్నం ఆ హాల్లో ఫ్యాను లేకుండా నాకు నిద్ర పట్టిందంటే, నేనింక షెడ్డు మాట ఎత్తను. పట్టలేదా, పడగొట్టేస్తాం. నువ్వు మా ఇంటికొచ్చేయ్. సరేనా?"

సరేనన్నాను. బింకంగానే అన్నాను గానీ లోపల భయం వేసింది. ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలో గడిచింది. గోడకి మేకు కొట్టాలన్నా ఎవరినో అడగాలి. నాకు ఆ ఇల్లు కావాలి. అంతకు మించి గొప్ప కారణమేమీ నా దగ్గర లేదు.

తుప్పు పట్టిన కమ్ములు గీకించి, కొత్త సిమెంటు పట్టించాను. పోర్టికో కింద రెండు స్తంభాలు నిలబెడితే నిశ్చింతగా ఉంటుందని మేస్త్రీ అన్నాడు. వద్దన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. మొజాయిక్ నేలకి పాలిష్ పెట్టించాను. జాలీ మాత్రం నేనే పట్టుకున్నాను. నీళ్ళు చల్లి, సున్నం నానాక, స్క్రూడ్రైవరుతో ఒక్కో కన్నం తవ్వుతుంటే అమ్మ చేయించిన ఉగాదులన్నీ పెచ్చులు పెచ్చులుగా ఊడి ఒళ్ళో పడ్డాయి. ఆవిడ ఉంటే చీపురు తిరగేసేది. గోడ గీకుతుంటే సున్నం కింద కాకిబంగారం బయటపడింది. మర్నాడు పొద్దున చూస్తే మెరుస్తోంది. నాయన చెప్పింది నిజమే.

అన్నని పిలిచాను. భోంచేసి వచ్చి, తువ్వాలు తలకింద పెట్టుకుని హాల్లో నేల మీద పడుకున్నాడు. గాలి మళ్ళింది. బయట కొబ్బరాకులు ఊగుతున్నాయి. హాల్లో ఆకు కూడా కదల్లేదు. అన్న బనీను తడిసి ముద్దయింది. లేచి కూర్చుని, తువ్వాలు జాలీకి ఎదురుగా పట్టుకుని చూశాడు. అది వేలాడుతూనే ఉంది.

"చూసినావా?" అన్నాడు. నేను మజ్జిగ తెచ్చిచ్చాను. తాగుతూ తాగుతూ, నన్ను ఓదార్చడానికో ఏమో, తన చెరువుల మాట ఎత్తాడు. "నీళ్ళయినా ఇంతే. అవతల తూము ఎత్తకుండా ఇవతల ఎంత తెరిస్తే మాత్రం ఏం లాభం? లోపలికి యాడ వస్తాయి..."

సగంలో ఆగిపోయాడు. ఇద్దరం వెనక గది తలుపు వైపు చూశాం. దానికి తాళం వేసి ఉంది.

నాయన పోయింది ఆ గదిలోనే. పోయిన నక్షత్రం మంచిది కాదు, ఆర్నెల్లు గది మూసిపెట్టాలని పురోహితుడు చెప్పాడు. మా వైపు అది మామూలే. తాళం వేస్తారు, గడువు తీరాక శాంతి చేయించి తెరుస్తారు. మా అన్నకి ఏదీ అంతటితో ఆపడం రాదు. తాళం వేస్తే తలుపు మూసినట్టేగానీ గది మూసినట్టు కాదని, ఆ గదికి పడమటి గోడలో ఉన్న జాలీకి కూడా ఇటుకలు పేర్పించి సిమెంటు పూయించాడు. గడువు తీరాక అమ్మ తెరవనివ్వలేదు. అమ్మ పోయాక తెరుద్దామని మేమిద్దరం అనుకోలేదు. గాలి పోయే తోవ అదేనని లెక్కల పంతులమ్మకీ తట్టలేదు, చెరువుల ఆసామికీ తట్టలేదు. ఇల్లు వేడి అనుకున్నాం, స్లాబుని తిట్టుకున్నాం.

"ఆ గది జోలికి పోవద్దు" అని అన్న లేచి వెళ్ళిపోయాడు.

గది తెరుద్దామని నేను అడగలేదు. అడిగితే ఒప్పుకునేవాడేమో. కానీ నాయనకి కొరివి పెట్టింది తను, ఆ ఇటుకలు పేర్పించింది తను. మే నెల అయిపోవస్తోంది. నెల్లూరులో అద్దె ఇల్లు వెతకమని స్నేహితురాలికి ఫోన్ చేశాను. అన్న ఇంట్లో ఉండే ఓపిక నాకు లేదు.

తర్వాతొక రోజు పొద్దున్నే అన్న పురోహితుణ్ణి వెంటబెట్టుకుని, గునపం భుజాన వేసుకుని వచ్చాడు. శాంతి అయ్యాక తాళం తీశాడు. నాయన మంచం, మూలన గొడుగు, అంతా దుమ్ము. కూలివాళ్ళని పిలుద్దామంటే వినిపించుకోలేదు. తనే ఇటుకలు పొడిచాడు. ఒక్కోటీ ఊడేకొద్దీ వెలుగు మంచం మీదకి వచ్చింది. పని అయ్యాక మొహం కడుక్కుని, భోంచేసి, హాల్లో నేల మీద వాలాడు.

"ఫ్యాను వేసినావంటే ఊరుకోను" అన్నాడు.

మొదట ఉక్కపోసింది. తువ్వాలుతో విసురుకుంటూ నన్నూ, నాయన ఇంజనీరు స్నేహితుణ్ణీ కలిపి తిడుతున్నాడు. మధ్యలో తిట్లు ఆగాయి. కొబ్బరాకుల చప్పుడు వినపడింది. నా చీర కొంగు దానంతటది వెనక్కి కదిలింది. గదిలోని దుమ్ము పడమటి జాలీ వైపు కొట్టుకుపోయింది. అన్న గురక పెడుతున్నాడు. అంతలో వెనక గది తలుపు దబ్బున కొట్టుకుంది.

"తలుపుకి రాయి పెట్టండిరా!" అన్నాడు అన్న. కళ్ళు తెరవలేదు. నాయన గొంతే. అటు ఒత్తిగిలి మళ్ళీ గురక అందుకున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. రాయి కోసం ఇల్లంతా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. తలుపులు కొట్టుకోవడం మానేశాక వాటితో ఎవరికి పని? ఎప్పుడు పారేశామో కూడా గుర్తులేదు. తలుపు మళ్ళీ కొట్టుకుంటే అన్నకి నిద్ర చెడుతుందని, దాన్ని బార్లా తెరిచి, వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. అన్న లేచేదాకా అక్కడే కూర్చున్నాను.