తెల్లబట్టలు ఉతికిందెవరు

తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టగానే చుయ్‌మని లేచే ఆవిరి వాసన నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఈ పొద్దు మాత్రం అది కొత్తగా ఉంది. నాయన ఇస్త్రీ చేస్తా ఉండేది నా నల్ల గౌను. రేపు నాకు డిగ్రీ ఇస్తా ఉండారు. మా ఇంట్లో డిగ్రీ ఇదే మొదలు. వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధంతా చెప్పేసినా, పాలాయనకైతే రెండుసార్లు చెప్పినా. ఆ ఆవిరి ముక్కుకు తగలగానే వసంత మేడమ్ గుర్తుకొచ్చింది.

మేడమ్ మాకు కాలేజీలో హిస్టరీ చెప్పేది. పాత రోము పాఠం వస్తే సినిమా వేసేది, కానీ సౌండు తీసేసి. "మాటలు వింటే కథలో పడిపోతారు. మీ ఇంట్లో జరిగే పని ఏదైనా అందులో వెతకండి. సరిగ్గా ఉందో లేదో చూడండి," అనేది. రాయపురంలో చేపలమ్మే ఆమె కూతురు స్టెల్లా ఒకసారి తెర మీద ఓడరేవు చూసి, "హార్బరంటారు, ఒక్క కాకి లేదు, ఒక్క పిల్లి లేదు. ఇదేం హార్బరు మేడమ్?" అనింది. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "సినిమా తీసినోళ్ళ పక్కన నువ్వు ఉండాల్సింది," అనింది.

రెండో సంవత్సరంలో నాయన పురసవాక్కంలో ఒక చీరల అంగట్లో నాకు పని మాట్లాడి పెట్టినాడు. "చదివింది చాలమ్మీ. రోము రాజులొచ్చి నీకు అన్నం పెడతారా?" అన్నాడు. ఇదే ఆఖరి క్లాసు అనుకొనే మర్నాడు కాలేజీకి పోయినా.

తెర మీద రోము వీధి. జనమంతా మల్లెపువ్వు మాదిరి తెల్లబట్టల్లో ఉండారు, కూరగాయలమ్మేవాడు కూడా. నేను క్లాసులో ఎప్పుడూ నోరు తెరిచేదాన్ని కాదు, తెరిస్తే నాయన చేసే పని అందరికీ తెలిసిపోతుందని. ఇంక ఎట్లాగూ రాను కదా అని అడిగేసినా.

"మేడమ్, ఇన్ని బట్టలు ఎవరు ఉతికినారు? ఉతికేవాళ్ళు ఒక్కరూ కనపడలేదే. ఒక్క తెల్లపంచకే మా నాయన నడుం పడిపోతుంది."

మేడమ్ సినిమా ఆపి చెప్పింది. మామూలు జనం మాసినా తెలియని మట్టిరంగు ఉన్నిబట్టలే కట్టేవాళ్ళంట. తెల్లటి పెద్ద వస్త్రం గొప్పోళ్ళకి, అదీ సభలకీ పండగలకీ. దాన్ని తెల్లగా చేసేదానికి మనుషులు తొట్లలో దిగి, మట్టీ పులిసిన మూత్రమూ కలిపిన నీళ్ళలో కాళ్ళతో తొక్కేవాళ్ళంట. ఎలక్షన్లో నిలబడేవాడు బట్టకి సుద్ద రుద్దించుకొని తిరిగేవాడంట. పార్టీవాళ్ళ చొక్కాలకి నీలం పెట్టే నాయన చేతులు కళ్ళముందు కదిలినాయి. రాజుల కథ అనుకునిందాంట్లో మేము కూడా ఉండాము. క్లాసయినాక చీరల అంగడి పని సంగతి మేడమ్‌కి చెప్పేసినా.

ఆ ఆదివారం మేడమ్ పట్టుచీర ఒకటి ఇస్త్రీకని పట్టుకొని మా ఇంటికే వచ్చేసింది. నాయన స్టూలు తుడిచి వేసినాడు. మేడమ్ ఆ కథంతా మళ్ళీ చెప్పింది.

"ఛీ, మూత్రమా? మా తాత చౌడుమట్టి వాడేవాడు," అన్నాడు నాయన. పట్టుచీర మడత విప్పుతా, "అంత దూరం ఊర్లో కూడా మనోళ్ళు ఉండారా?" అన్నాడు.

"ఉండారు. బూడిదలో పూడిపోయిన ఒక ఊరుంది. అక్కడ ఉతికేవాళ్ళ అంగట్లో, వాళ్ళు బట్టలు తొక్కే బొమ్మలు గీసినారు. ఆ రంగు ఇంకా పోలేదు."

"మరి సినిమాలో చూపించలేదే?"

"అడిగేవాళ్ళు లేక. మీ అమ్మాయి అడిగింది. దాన్ని చీరల అంగట్లో కూర్చోబెడితే ఇంకెవరు అడుగుతారు చెప్పండి."

నాయన పెట్టె తీసుకొని చీర అంచు మీద చాలాసేపు నెమ్మదిగా తిప్పినాడు. "ఆ అంగడాయనకి నేను చెప్పుకుంటాలే," అన్నాడు, నా వైపు చూడకుండానే.

మేడమ్ రిటైరై చిత్తూరు పోయింది. ఇప్పుడే ఆమెకి ఫోన్ చేసి రేపటి సంగతి గబగబా చెప్పేసినా. అంతా విని ఒకటే అడిగింది. "గౌను ఎవరు ఇస్త్రీ చేస్తా ఉండారు?"

"నాయనే మేడమ్."

"అయితే ఆయన్ని కూడా ఫోటో తియ్యి. లేకుంటే నీ ఫోటో కూడా ఆ సినిమా మాదిరే అవుతుంది."

ఫోన్ పెట్టేసి నాయన్ని పెట్టె పట్టుకొని నిలబడమన్నా. "ఉండమ్మీ, మంచి చొక్కా వేసుకొస్తా," అన్నాడు.

"వద్దు నాయనా," అన్నా. "ఇట్లే ఉండు."