దొర చెప్పిన అన్నదమ్ములు

మొన్న సిరిసిల్లల ఒక కంటి దవాఖానకు పోతే గోడకు దాత ఫోటో కనవడ్డది. నడుముకు తెల్లగుడ్డ, దాని మీద జరీతోని గుండ్రం గీసే కంపాసు బొమ్మ. మా ఊరి దొరనే.

నా చిన్నప్పుడు నక్సలైట్లకు భయపడి దొర పట్నం పారిపోయి, అక్కడ ఫ్రీమేసన్లనే పెద్దోళ్ల రహస్య సంఘంల చేరిండు; ఆ తెల్లగుడ్డ వాళ్ల గుర్తే. ఒకసారి పోలీసులను ఎంటేసుకొని మా బడికాడ కండ్లద్దాలు పంచెటందుకు అచ్చిండు. మగ్గాలకు నూలు కండెలు చుట్టే మా బాపమ్మకు తనే అద్దాలు పెట్టి, "లోకాన్ని కట్టిన దేవుడు ఒక్కడే. మా సంఘంల అందరం అన్నదమ్ములం" అన్నడు.

నాకు ఎరుకైన అన్నలు అడవిల ఉన్నోళ్లే. "బాపమ్మా, దొర అన్నలల్ల కలిసిండే!" అని సంబురంగ ఒర్రిన.

జనం నవ్విండ్రు. దొర మొఖం మాడింది. "ఈ పోరికి గివన్ని ఎవడు నేర్పుతున్నడు?" అని ఎస్సై దిక్కు చూసిండు. ఎస్సై గుంపుల ఉన్న మా బాపును జీపెక్కించిండు. చిన్నపిల్ల మాట, ఇడిచిపెట్టుండ్రి అని దొర ఒక్క మాటంటే అయిపోతుండె. అనలే. మెడల దండ సదురుకున్నడు.

బాపమ్మ అద్దాలు తీసి ఆయన ముంగట పెట్టింది. "గిసొంటి అన్నదమ్ములను చూడతానికి నాకు అద్దాలెందుకు దొరా?" అన్నది.

బాపు తెల్లారి కుంటుకుంట అచ్చిండు. కొన్నాళ్లకు ఆయనే ఆమెకు అద్దాలు కొనిచ్చిండు. అవి పెట్టుకొని బాపమ్మ మొదలు కొడుకు కాలును ఒళ్లెకు తీసుకొని చూసింది.