సుగుణక్క సిమెంటు పట్టీ బడి

నిన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే పాలకొల్లు నుంచి ఫోన్. సుగుణక్క చెల్లెలు.

"అక్క నిద్రలోనే వెళ్లిపోయిందమ్మా" అంది.

"ఏ అక్క?" అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

అక్క సెలవు మీద ఇంటికి వెళ్లి వారం కూడా కాలేదు. వచ్చేటప్పుడు నాకు మాగాయ తెస్తానంది.

రాత్రంతా ఏడుద్దామనే కూర్చున్నాను. కానీ అక్కను తలుచుకుంటే నవ్వే వస్తోంది. మీకూ చెప్తాను.

రియాద్ రాకముందు నేను సౌదీలోనే హఫర్ అల్ బాతిన్‌లో పని చేశాను. మగవాళ్ల ఆర్థో వార్డు. మా సీనియర్ సిస్టర్ సుగుణక్క.

ఊరు దాటితే ఎడారి, గొర్రెల మందలు, తిన్నగా పోయే రోడ్లు. మా పేషెంట్లలో చాలామంది ఆ రోడ్ల మీద పడి వచ్చినవాళ్లే.

అలా వచ్చినవాడే రాజన్న. జగిత్యాల వైపు మనిషి. కఫీల్ గొర్రెలకు, అంటే అతన్ని పనిలో పెట్టుకున్న సౌదీ ముసలాయన గొర్రెలకు, పికప్‌లో గడ్డి తోలేవాడు. ఒకరోజు రోడ్డు రిపేరు కోసం తవ్విన గుంటలోకి బండితో సహా దిగిపోయాడు.

గుంటకు ముందు పెద్ద బోర్డు ఉంది. దారి మూసి ఉందని.

"బోర్డు చూళ్లేదా?" అని అక్క అడిగింది.

"చూసిన సిస్టరమ్మా. ఏదో హోటల్ బోర్డు అనుకున్న. చాయ్ తాగుదామని ఇంకింత జోరుగ పోయిన."

వార్డంతా నవ్వింది. రాజన్న కూడా నవ్వాడు, కాలు కదిలి "అవ్వా" అన్నాడు.

తర్వాత సంతకం పెట్టమని కాగితం ఇస్తే, "అద్దాలు రూముల మర్శిన" అన్నాడు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. మా నాన్నకూ ఎప్పుడూ కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోతుంది. ఆయనకు కళ్లజోడే లేదు.

అక్కకు మెల్లగా చెప్పాను.

మర్నాడు కఫీల్ వచ్చాడు. బోర్డు చదవలేని డ్రైవర్ నాకొద్దు, కాలు బాగవగానే ఎగ్జిట్ కొట్టించి ఇండియా పంపేస్తానన్నాడు. ఊళ్లో రాజన్న కూతురు ఇంటర్ చదువుతోంది. అతని మొహం చూడలేకపోయాను.

అక్క తన హాస్పిటల్ అరబీలో ముసలాయనకు అడ్డం పడింది. "బాబా, పట్టీ తీసేదాకా ఆగు. అప్పటికి చదవకపోతే నీ ఇష్టం."

ఆయన వెళ్లగానే రాజన్న గొణిగాడు. "ఈ వయసుల నాకు సదువేంది సిస్టరమ్మా?"

"ఎక్కడికి పారిపోతావయ్యా? కాలు నా చేతిలో ఉంది!"

అలా మొదలైంది బడి.

పలక ఏదో తెలుసా? రాజన్న కాలే. తొడ దాకా తెల్లటి సిమెంటు పట్టీ.

పక్క బెడ్‌లో చెయ్యి విరిగిన పాకిస్తానీ ఖాన్ భాయ్ ఉండేవాడు. ఖురాన్ చదివిన మనిషి, అరబీ అక్షరాలు వచ్చు. ఆయన మిగిలిన చేత్తో మార్కర్ పట్టుకుని రోజుకో రోడ్డు బోర్డు మీది మాట రాసేవాడు. పక్కన అక్క బొమ్మ వేసేది. "దారి మూసి ఉంది" పక్కన గుంట, గుంటలోంచి పైకి రెండు కాళ్లు, ఒక మీసం.

"నా మీసం గంత లేదు" అని రాజన్న గొడవ.

ఒకరోజు ఈజిప్టు డాక్టర్ రౌండ్స్‌కు వచ్చి పట్టీ వైపు తల వంచి చూశాడు. అక్క మార్కర్ వెనక్కి దాచింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మోకాలి ఉబ్బు మీద "ముందు స్పీడ్ బ్రేకర్" అని అరబీలో రాసి వెళ్లిపోయాడు!

చివరికి పట్టీ తీశారు. ఆ సాయంత్రమే కఫీల్ వచ్చి రాజన్నను తన బండిలో పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షకు హైవే మీదికి తీసుకెళ్లాడు.

అక్క వార్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది. ఒకే పేషెంట్‌కు రెండుసార్లు బీపీ చూసింది.

ముందు కఫీల్ గొంతు వినిపించింది, కేకలు.

"వీడు నన్ను బండి నడపనివ్వడం లేదు! ప్రతి బోర్డుకీ స్లో బాబా, స్లో బాబా!"

వెనక చంకకర్రల మీద రాజన్న. "ఏం చేయాలె సిస్టరమ్మా, నేను సగం సదివేసరికి బోర్డు ఎన్కకు పోతాంది. ముసలాయనకే సక్కగ నడుపరాదు!"

కఫీల్ నవ్వాడు. "ఎగ్జిట్ లేదు. ఖలాస్."

ఖాన్ భాయ్ మంచం మీద నుంచే "షాబాష్ రాజన్నా!" అని అరిచాడు. అక్క నన్ను గట్టిగా కావలించుకుని, వెంటనే "డ్యూటీ చూసుకోవే" అని కసిరింది.

రాజన్న ఆ పట్టీ ముక్కను రూముకు తీసుకెళ్లాడు. గోడకు వేలాడదీస్తే అక్కడి డ్రైవర్లు దాన్ని చూసి నేర్చుకున్నారట.

వార్డులో బడి ఆగలేదు. కొత్త కాలు వస్తే కొత్త స్టూడెంట్. కానీ మా రూములో ప్రార్థన చేసుకునేటప్పుడు అక్క ఎప్పుడూ ఒకటే అడిగేది. "ప్రభువా, నా బడికి ఎవ్వరూ రాకూడదు."

నిన్న మధ్యాహ్నం రాజన్నకు నేనే ఫోన్ చేశాను. వెనక ఇంజిన్ చప్పుడు.

"ఆగు బిడ్డా, బండి పక్కకు పెడ్త" అన్నాడు.

ఇండికేటర్ టిక్ టిక్ మంది. ఇంజిన్ ఆగింది.

"ఆఁ, ఇప్పుడు చెప్పు."

చెప్పాను.

అంత పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"పెట్టేయ్ బిడ్డా. నేను జరసేపు ఈడనే ఉంట. కండ్లల్ల నీళ్లతోని బండి నడుపద్దు. సుగుణమ్మ తిడ్తది."

వెళ్లి రా అక్కా. ప్రభువు ఒడిలో నెమ్మదిగా పడుకో. నీ స్టూడెంట్లు జాగ్రత్తగానే నడుపుతున్నారు.