మా సీనియరు గారు నోరు కట్టేసుకున్న రోజు

భవానీపురంలో వెంకటకృష్ణారావు గారి ఆఫీసు ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద నిలబడి చెవి ఒగ్గితే ఆ గొంతే దారి చూపిస్తుంది. ఆయన దగ్గర నేను జూనియర్ లాయరుగా చేరి నాలుగేళ్లయింది. మనిషి మంచివారే. కేసు కాగితాలు అక్షరం వదలకుండా చదువుతారు. వచ్చిన చిక్కల్లా, ఎవరితో మాట్లాడినా క్రాస్ ఎగ్జామినేషనే. భార్య శివపార్వతి గారు పప్పులో ఉప్పు వేశానంటే, "ఎప్పుడు వేశావు? వేస్తుండగా చూసినవాళ్లెవరు?" అంటారు. ఆవిడ గిన్నె అక్కడ పెట్టేసి లోపలికి వెళ్లిపోతారు.

అలాంటి మనిషి దగ్గరికి మార్కండేయులు గారి కేసు వచ్చింది. ఆయన పెడనలో చేనేత పనివారు. ఏడేళ్లుగా ఆందోళన జబ్బుకి మందులు వాడుతున్నారు. చెయ్యి తిరిగిన నేతగాడు, ఇంటి పన్ను దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ తనే చూసుకుంటారు. కాకపోతే కొత్తవాళ్లు గట్టిగా మాట్లాడితే మాట గొంతులోనే ఆగిపోతుంది. తమ్ముడి కొడుకు భానుచందర్ అది పట్టుకుని, పెదనాన్నకి మతి స్థిమితం లేదు, ఇంటి మీద, మగ్గాల మీద పెత్తనం నాకిప్పించండని కోర్టుకెక్కాడు. జడ్జి గారు స్వయంగా నాలుగు ప్రశ్నలు అడిగి చూస్తామన్నారు. వాటికి జవాబు చెప్పలేకపోతే ఆయన తన ఇంట్లోనే ఇంకొకరి దయ మీద బతకాలి.

మొదటిసారి అక్కగారు వెంకటరావమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చారు. సీనియరు గారు ఎదురుగా కుర్చీ లాక్కుని మొదలుపెట్టారు.

"మందులెప్పట్నుంచి? ఏ డాక్టరు? గొడవ ఎప్పుడొచ్చింది? అవునా, కాదా?"

మార్కండేయులు గారు ఫ్యాను కేసి చూశారు.

"ఆయన మన క్లయింటండీ," అని నేను చెవిలో గొణిగాను.

"తెలుసమ్మా రుచితా! అందుకే మెత్తగా అడుగుతున్నా!" అన్నారు. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. అక్కా తమ్ముడూ టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు.

ఇది చాలదన్నట్టు, వాయిదా తేదీ గుర్తు చేస్తూ సీనియరు గారు రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపారు. ముప్ఫై ఏళ్లుగా నోటీసులు తప్ప ఇంకేమీ రాయని చెయ్యి అది. "సదరు తేదీన తమరు హాజరు కాని పక్షంలో తదుపరి పరిణామాలకు తమరే పూర్తి బాధ్యులని ఇందుమూలముగా తెలియజేయడమైనది." కింద సంతకం, గుండ్రటి స్టాంపు. అది చదివి మార్కండేయులు గారు సొంత లాయరే తన మీద ఇంకో కేసు వేశాడనుకున్నారు. మగ్గాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. మూడు రోజుల నుంచి అన్నం కిటికీలోంచి అందిస్తున్నానంటూ వెంకటరావమ్మ గారు ఫోన్‌లో సీనియరు గారిని కడిగేశారు. నాకూ ఒళ్లు మండింది. కాపాడాల్సిన మనిషే భయపెడితే ఆయన ఇంకెవరికి చెప్పుకోవాలి?

మర్నాడు కారులో పెడన బయల్దేరాం. ఉయ్యూరు దాకా సీనియరు గారు మెత్తగా మాట్లాడటం నా మీద ప్రాక్టీసు చేశారు. ఆయన "బాగున్నారా?" అనగానే డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. పామర్రు వచ్చేసరికి, "నా వల్ల కాదమ్మా," అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

వెంకటరావమ్మ గారు మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశారు.

"లోపలికి రావాలంటే నేను చెప్పినట్టు వినాలండి. ఎదురుగా కూకోవద్దు, పక్కన కూకోండి. ఒక్క మాట అడిగి ఊరుకోండి. వాడు చెప్పేదాకా ఇంకోటి అడగొద్దు. మందేసుకున్నాక పొద్దుటిపూట మగతగా ఉంటాడు, ఏదడిగినా మధ్యాన్నమే. ఆ ఉత్తరాలు మాత్రం ఇంకెప్పుడూ రాయకండి బాబూ, మీకు పుణ్యముంటది."

సీనియరు గారు అవన్నీ డైరీలో రాసుకున్నారు. తర్వాత ఆవిడ కిటికీ పక్కన చాప వేసి, రాట్నం పెట్టి, కండెలకు నూలు చుట్టమని ఆయన చేతికిచ్చారు. చేతిలో పని లేకుండా ఆ ఇంట్లో ఎవరూ కబుర్లాడరట. ఆయన కోటు విప్పకుండానే చాప మీద కూలబడ్డారు. దారం మూడుసార్లు తెగింది. నాలుగోసారి వెళ్లి కోటు గుండీకి చుట్టుకుంది. గుంజిన కొద్దీ బిగుసుకుంది. లోపల గడియ తీసిన చప్పుడైంది.

"లాగకండి బాబూ, తెగుద్ది. వదలండి, నేను తీస్తా."

మేము విన్న ఆయన తొలి మాట అదే. మార్కండేయులు గారు పక్కనే కూర్చుని గుండీ విడిపించసాగారు. సీనియరు గారు నోరు తెరిచారు. వెంకటరావమ్మ గారు దగ్గారు. ఆయన నోరు మూశారు. గంటన్నరలో ఐదంటే ఐదు ప్రశ్నలడిగారు. భానుచందర్‌ని భుజాన ఎక్కించుకుని తిప్పిన రోజుల్నుంచి, వాడు తెల్లకాగితం మీద సంతకం పెట్టమన్న రోజు దాకా మార్కండేయులు గారు అంతా చెప్పారు.

"కోర్టులో మాట రాకపోతే ఎట్టాగండీ?" అని చివర్లో అడిగారు.

"రాకపోతే వచ్చేదాకా కూర్చుందాం. జడ్జి గారిని నేను ముందే అడిగి పెడతాను."

అడిగారు కూడా. మధ్యాహ్నం విచారణ, కూర్చోవడానికి కుర్చీ, పక్కన అక్కగారు, ఒకసారికి ఒకే ప్రశ్న. జడ్జి గారు అన్నిటికీ సరేనన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. "మీ ఇంటి వ్యవహారాలు మీరే చూసుకోగలరా?" అని జడ్జి గారు నిదానంగా అడిగారు. మార్కండేయులు గారు పలకలేదు. అర నిమిషం గడిచింది. "చూశారా మేడమ్!" అంటూ అవతలి లాయరు లేచాడు. జడ్జి గారు చేత్తోనే అతన్ని కూర్చోమన్నారు. మార్కండేయులు గారి ముఖం చూడలేక నేను మా సీనియరు గారిని చూశాను. మెడ నరాలు ఉబ్బి, పెదాలు బిగించి, రెండు చేతులతో బల్ల పట్టుకుని ఉన్నారు. నోటిదాకా వచ్చిన మాటను ఆ మనిషి మింగడం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చూసుకోగలనండి," అన్నారు మార్కండేయులు గారు. "భయమేస్తే మాట రాదండి. తెలీక కాదండి. కాసేపు ఆగితే వస్తది. ఇప్పుడొచ్చింది కదండీ."

మిగతా ప్రశ్నలకీ అలాగే, తన టైము తను తీసుకుని జవాబులిచ్చారు. ఈయన తరఫున ఇంకెవరూ అక్కర్లేదని చెప్పి జడ్జి గారు భానుచందర్ పిటిషన్ కొట్టేశారు.

బయట వరండాలో సీనియరు గారు బెంచీ మీద కూలబడ్డారు. మార్కండేయులు గారు మంచినీళ్లు తెచ్చి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నారు.

"చేతులొణుకుతున్నాయేంటి బాబూ?"

అడిగి ఊరుకున్నారు. సీనియరు గారు గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టారు.

"భయమండీ. వాయిదా ఉన్న ప్రతిరోజూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ల నుంచి. అరిచేస్తే ఎవరికీ తెలియదు కదా."

అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

"మా డాక్టరు గారు మంగళవారాలు చూస్తారండి. మంచాయన. పేరు రాయించనా?" అన్నారు మార్కండేయులు గారు.

సీనియరు గారు నా వైపు తిరిగారు. "మంగళవారం మనకేమైనా వాయిదాలున్నాయా అమ్మా?"

"రెండున్నాయండి," అన్నాను. "నేను చూసుకుంటాను. మీరు వెళ్లిరండి."