షిఫ్టుతో మారిన మాత్ర

ఆ రోజు పొద్దున్నే మంచం దిగబోతే ఎడమకాలు బరువుగా తోచింది. చీర పైకి లాగి చూసుకున్నాను. తొడ నుంచి మడమ దాకా వాచి, నున్నగా మెరుస్తోంది. ఓవరీ కేన్సర్‌కి ఆపరేషనై, కుట్లు ఆరి, కీమో ఇంజక్షన్లు మొదలైన రోజులవి. ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతుంటే మళ్ళీ ఇదొకటా అని నాకు భయం కంటే ముందు ఒళ్ళు మండింది.

మా అత్త ఆముదం వెచ్చబెట్టి తెచ్చింది.

"నీరు దిగిందే. గట్టిగా రాసేత్తే పోద్ది."

మా ఆయన విశాఖపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్. అప్పుడే డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగే అమ్మా. డాక్టరుగారికి సూపించాక రాద్దువుగాని" అన్నాడు. ఆ మాట ఎంత మేలు చేసిందో ఆస్పత్రిలో తెలిసింది.

డాక్టరుగారు పిక్క మీద చెయ్యి వేయగానే ప్రాణం జివ్వుమంది. "డీప్ వీన్ త్రాంబోసిస్. లోపలి రక్తనాళంలో క్లాట్, అంటే రక్తపు గడ్డ ఉందమ్మా" అన్నారు. "కేన్సర్ ఉన్నవాళ్ళకి రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఆ గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ప్రమాదం. కాలు రుద్దకండి, ఎవరినీ రుద్దనివ్వకండి." మా అత్త నా మొహంలోకి చూడలేకపోయింది.

అడ్మిట్ చేశారు. కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టి, రక్తం గడ్డకట్టకుండా చేతికి హెపారిన్ డ్రిప్ పెట్టారు. మాటిమాటికీ రక్తం తీసి క్లాటింగ్ టైమ్ చూసేవారు. దగ్గొచ్చినా గుండె దడే, ఆ ముక్క కదిలిందేమోనని. పక్క మంచం ఆవిడ కబుర్లు చెప్పబోతే, "తల్లీ, నన్ను నవ్వించకు" అని దండం పెట్టాను.

వాపు కాస్త తగ్గాక అదే పని చేసే వార్ఫరిన్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. "రోజుకొకటి, భోజనం అయ్యాక. ఒక్కరోజు కూడా మానకూడదు" అన్నారు డాక్టరుగారు. మందు తక్కువైతే గడ్డ పెరుగుతుందట, ఎక్కువైతే రక్తం ఆగదట. అందుకని ప్రోత్రాంబిన్ టైమ్ అనే పరీక్షకి వస్తూ ఉండమన్నారు. నేను మానలేదు. ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

అయినా పరీక్ష ఎప్పుడూ కుదురుగా రాలేదు. మందు సరిపోవడం లేదని డోసు పెంచారు. మళ్ళీ తక్కువే వస్తే ఇంకాస్త పెంచారు. ఆ తర్వాత ఒకరోజు పళ్ళు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. మధ్యాహ్నానికి ముక్కులోంచి రక్తం మొదలై ఆగలేదు. తువ్వాలు తడిసిపోయింది. ఆటోలో మా ఆయన నా తల పట్టుకుని "కళ్ళు మూయకే, నాతో మాటాడు" అంటూనే ఉన్నాడు. నేను చచ్చిపోతాననే అనుకున్నాను.

విటమిన్ కె ఇంజక్షనిచ్చి, రక్తం ఎక్కించారు. డాక్టరుగారి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇలాగైతే వార్ఫరిన్ ఆపేయాలి. ఆపితే క్లాట్ భయం. ఈ స్థితిలో కీమో కూడా ఇవ్వలేను" అన్నారు.

ఆ కీమో ఆగితే నా గతేమిటో అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. డాక్టరుగారే మళ్ళీ అడిగారు.

"మాత్ర సరిగ్గా ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?"

"మీరు చెప్పినట్టే. భోజనం అయ్యాక."

"భోజనం ఎన్నింటికి?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అన్నాడు: "నాను డూటీ నుంచి వొచ్చాక ఇద్దరం కలిసి తింటామండి. ఏ షిఫ్టయితే ఆ టైముకి."

మాకు పెళ్ళయిన నాటి నుంచీ అదే వరస. ఎ షిఫ్టయితే మా భోజనం మధ్యాహ్నం, బి షిఫ్టయితే రాత్రి, సి షిఫ్టయితే తెల్లారాక. ఆయన రాకుండా నేను అన్నం ముట్టను. పోర్టు క్వార్టర్లలో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి, ఎవరికీ వింతగా తోచదు.

డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. "అంటే షిఫ్టు మారినప్పుడల్లా ఒకసారి రెండు మాత్రలు దగ్గరపడతాయి, ఒకసారి మధ్యలో రోజున్నర ఖాళీ. ఖాళీ తర్వాత పరీక్ష చేసి మందు చాలలేదనుకుని నేను పెంచుకుంటూ పోయాను. అడగాల్సింది నేను" అన్నారు. నన్ను కోప్పడితే బాగుండుననిపించింది.

మాత్ర పూర్తిగా ఆపలేదు. కొన్నాళ్ళాగి, తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెట్టారు. మా ఆయన ఇంట్లో ఉన్నా లేకున్నా రాత్రి ఎనిమిదింటికి తిని మాత్ర వేసుకోవాలి. మొదటిసారి ఒంటరిగా కంచం ముందు కూర్చుంటే మెతుకు దిగలేదు, కళ్ళనీళ్ళే వచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళబోతూ మా ఆయన గుమ్మంలోంచి అన్నాడు: "నా కోసం సూడకు, తినీ. నువ్వుంటేనే గదా నానింటికొచ్చేది."

పరీక్షలు కుదుటపడ్డాయి. కీమో పూర్తయింది. మాత్ర ఎప్పుడో ఆపేశారు. సాయంత్రానికి కాలు కాస్త బరువెక్కుతుంది, బిగుతు మేజోడు వేసుకుంటాను. చెకప్ దగ్గరపడితే నిద్ర పట్టదు, అదీ నిజమే.

నాలాంటి వాళ్ళకి చెప్పేది ఒక్కటే. డాక్టరుగారు మందు రాసినప్పుడు మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారో, ఎప్పుడు పడుకుంటారో, అడగకపోయినా సిగ్గుపడకుండా చెప్పండి. గడియారం చూసి మాత్ర వేసుకోండి. ఆకలేస్తే మీరు ముందు తినండి. మిమ్మల్ని ప్రేమించేవాడు వచ్చి చల్లారిన అన్నమైనా తింటాడు.