చప్పుడు లేని కంప్యూటర్, దాని మీద కప్పిన గుడ్డ

2004 జనవరిలో మా కంప్యూటర్ కంపెనీ వాళ్లు నన్ను ఒంగోలు నుంచి గుంటూరు శాఖకు సీనియర్ సర్వీస్ ఇంజినీరుగా వేశారు. హోదా పేరుకే పెద్దది. పని మాత్రం స్క్రూడ్రైవరు, బ్రష్షు, బ్లోయరు పట్టుకుని ఊళ్లు తిరగడమే. పత్తి మిల్లుల్లో, మిర్చి దుకాణాల్లో కంప్యూటర్లు విప్పి పీచూ కారపు దుమ్మూ దులపడంతోనే రోజులు గడిచిపోయేవి. అప్పటికే ఆ పని మీద విసుగు పుట్టింది. అందుకే ప్రత్తిపాడు నుంచి వచ్చిన ఒక ఆర్డరు చూసి కాస్త ఉత్సాహపడ్డాను.

ఆర్డరు ఇచ్చినది బాషా మాష్టారు, రిటైరైన తెలుగు పండితులు. ఆయన చెల్లెలి కూతురు రిజ్వానాకు చూపు లేదు. నరసరావుపేటలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. ఆమె పాఠాలన్నీ ఈయనే చదివి, కంప్యూటర్లో రికార్డు చేసి సీడీలు పంపేవారు. పాత కంప్యూటర్ ఫ్యాను రొద కూడా అందులో పడి, గంటసేపు వింటే చాలు ఆ అమ్మాయికి తలనొప్పి వచ్చేది. మార్చి చివర్లో పరీక్షలు.

"మాట ఒక్కటే వినపడాలండి. ఇంకేం అక్కర్లేదు," అన్నారు మాష్టారు.

కంప్యూటర్లో ఎక్కువ చప్పుడు ప్రాసెసర్ మీది ఫ్యానుదే. చిన్న ఫ్యాను గాలి చాలక వేగంగా తిరిగి కీచుమంటుంది. పెద్దది నిదానంగా తిరిగినా అంతే గాలి తోస్తుంది. చెన్నై నుంచి రాగి హీట్ సింకు, అంటే ప్రాసెసర్ వేడిని లాగే రేకుల దిమ్మె, దాని మీదికి అరచేయంత ఫ్యాను తెప్పించాను. ఇక కేబినెట్. గుంటూరులో దొరికే పల్చటి రేకు కేబినెట్లు డబ్బాల్లా అదురుతాయి. మందపాటి రేకుది ఎంచి, లోపల ఫోము అంటించి, పక్క తలుపు బెజ్జాలు మూసేశాను. గాలి ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి. హార్డ్ డిస్కు గరగర వినపడకుండా దాన్ని రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టాను. ముందున్న చిన్న దీపం కళ్లలో పడుతోందని మాష్టారు అంటే దాని తీగ కూడా పీకేశాను.

ఆన్ చేశాక చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినపడలేదు. నడుస్తోందా అని మాష్టారు రెండుసార్లు అడిగారు. నాకు గర్వంగానే అనిపించింది. యంత్రం అప్పగించేటప్పుడు వాడకం వివరించి సంతకం తీసుకోవాలని మా నియమం. మాష్టారికి వివరించి, మాష్టారి సంతకం తీసుకున్నాను. ఆయన భార్య జాన్‌బీ గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆమెకు కూడా చెప్పాలని నాకు తోచలేదు.

మిరప కోతల కాలంలో మా వైపు ఇళ్లలో టీవీకి, మిక్సీకి, కుట్టుమిషనుకు, అన్నిటికీ గుడ్డ తొడుగులు కుట్టి వేస్తారు. జాన్‌బీ గారు దీనికీ కుట్టారు, నేల దాకా దిగేలా.

మార్చి మొదట్లో ఒక శుక్రవారం మాష్టారు చరిత్ర పేపరు పాఠాలు చదవడం ముగించారు. ఆ రికార్డింగులన్నిటినీ సీడీలో పట్టేలా మార్చే పని కంప్యూటర్‌కు అప్పగించి, మానిటర్ ఆపి, నమాజుకు వెళ్లారు. అటునుంచి అటే బంధువుల ఇంటికి వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. పక్కింటి వాకిట్లో మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటు ఇంట్లోకి కొడుతోంది. జాన్‌బీ గారు తొడుగు తెచ్చి కప్పారు.

సాయంత్రం మాష్టారు వచ్చేసరికి కంప్యూటర్ ఆగిపోయి ఉందని కబురొస్తే, సోమవారం వెళ్లి విప్పి చూశాను. తొడుగు ముందూ వెనకా గాలి దారులు మూసేసి లోపల వేడి పెరిగిపోయింది. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తాను నెమ్మదిస్తుంది, కాబట్టి అది బతికింది. హార్డ్ డిస్కుకు ఆ ఉపాయం లేదు. పైగా దాని వేడి రేకులోకి పోకుండా నా రబ్బరు ముక్కలే అడ్డుపడ్డాయి. డిస్కు చచ్చిపోయింది, చరిత్ర పాఠాలన్నీ దానితోపాటే పోయాయి.

"సద్దు లేదు కదండీ, దీపం కూడా లేదాయె. ఆపేసే ఉందనుకున్నా. దుమ్ము పడుద్దని కప్పానండి," అన్నారు జాన్‌బీ గారు.

సర్వీస్ రిపోర్టులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అమర్చడంలో లోపం అని రాస్తే మేనేజరుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ రోజుకు అది నాలుగో ఊరు. బాగా అలిసిపోయి ఉన్నాను. శాఖలో అందరూ రాసే మాటే రాశాను: వాడేవారి పొరపాటు. ఏ కాగితమైనా పైకి చదవడం మాష్టారికి అలవాటు. దీన్నీ చదివారు.

"నిజమేగా, నేనే కప్పింది," అని ఆమె లోపలికి వెళ్లిపోయారు. నేను కాదనలేదు. మాష్టారు సంతకం పెట్టారు.

కొత్త డిస్కు వేసి వచ్చాను. మాష్టారు మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. వారంలో గొంతు పోతే జాన్‌బీ గారు అందుకుని చదివారట. అయినా సగం పాఠాలే అయ్యాయి. రిజ్వానా మిగతావన్నీ పాసై చరిత్ర ఒక్కటి తప్పింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది గానీ, ఆ ఏడు బీఈడీలో చేరే వీల్లేకపోయింది.

ఆ తర్వాత చప్పుడు తీసేసిన ప్రతి కంప్యూటర్‌కూ గది అవతలి నుంచి కనపడే దీపం పెట్టాను. వాడకం గురించి ముందుగా ఇల్లు ఊడ్చేవారికి చెప్పాను. యంత్రం నడుస్తోందని ఇంట్లోవాళ్లకు చెప్పేది ఆ చప్పుడే. దాన్ని తీసేసినవాడు బదులు ఇంకేదైనా పెట్టాలి. ఇది వృత్తిలో నేర్చుకున్నది, చాలాచోట్ల ఉపయోగపడింది. రిపోర్టు మాత్రం దిద్దలేదు. తప్పు ఆమెదేనని ఆ కాగితంలో నా చేతిరాతతోనే ఉంది.