టైలరమ్మ తలనొప్పి

టైలరమ్మకు తలనొప్పి అంటే ఆ వీధిలో ఎవరూ జాలిపడరు. ఎందుకంటే ఆవిడ తలనొప్పికి రెండు కాళ్లున్నాయి, బట్టతల ఉంది, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన గొంతు ఉంది. పెళ్లయిన కొత్తలో విసుగొచ్చి మొగుడికి పెట్టిన పేరది. అది కాస్తా అతుక్కుపోయింది. "మా తలనొప్పి కూరగాయలకి వెళ్లింది, ఇప్పుడే రాదు" అని ఆవిడ అంటుంటే, కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నవ్వేవారు. కండక్టరూ లోలోపల మురిసిపోయేవాడు. మనిషికి నోరెక్కువ. టిక్కెట్లు కొట్టే పని పోయినా జనాన్ని జరపడం మాత్రం పోలేదు. వంటగదిలో పెళ్లాం వెనక నిలబడి కూడా "ముందుకి జరగాలి, జరగాలి" అంటాడు.

అలాంటివాడి నోటికి ఈమధ్య తాళం పడింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని, చెల్లెలితో ఫోనులో గొంతు తగ్గించి, "ఈ తలనొప్పి ఇక నావల్ల కాదే. ఎన్నాళ్లని ఓర్చుకోను?" అంది. అవతల చెల్లెలు పకపకా నవ్వడం గుమ్మం దాకా వినిపించింది. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఫోను పెట్టేసి కళ్లు మూసుకుంది. గుమ్మం దగ్గరున్న కండక్టరు అక్కడే ఆగిపోయాడు. ఇన్నేళ్లూ వేళాకోళానికి అన్న మాట ఇప్పుడు నిజంగానే అంటోందా?

ఆ సాయంత్రమే ఆవిడ అతని మొహంలోకి చూసి, "తలనొప్పి ఎక్కువైపోయిందండీ" అంది. అతను కిక్కురుమనకుండా చెప్పులేసుకుని బయటికి పోయాడు.

అప్పట్నుంచి ఇంట్లో అతని రేడియో మోగలేదు. మధ్యాహ్నాలు బస్టాండులో బెంచీ మీద గడిపి, పిల్లిలా ఇంట్లోకి వచ్చేవాడు. అంత చేసినా ఆవిడ మొహం తేటపడలేదు. తల దువ్వుకోవడం మానేసి జుట్టు వదులుగా ముడేసుకుంటోంది. నాలుగు ముద్దలు నమిలి, దవడ పట్టుకుని, కంచం పక్కకి తోసేస్తోంది. ఎదురుగా తను కూర్చుంటే ఆవిడకి ముద్ద దిగడం లేదనుకున్నాడు. మర్నాటి నుంచి తన కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్లి తిన్నాడు. అక్కడ అతనికీ ముద్ద దిగలేదు.

ఆవిడకి మెడనొప్పి కూడా పట్టుకుంది, ఆ సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు. తలా ఒక మాట చెప్పారు. మిషను మీద వంగి వంగి వచ్చిందని ఒకరు, దిండు ఎత్తు వల్లనని ఒకరు, కొత్త కళ్లద్దాల్లోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తుతోంది కదా, అందువల్లేనని ఇంకొకరు. వీధి చివరి డాక్టరు ఎముకల అరుగుదలన్నాడు, ఈ వయసులో మామూలేనని మెడకి పట్టీ ఇచ్చాడు. ఆ పట్టీ మిషను మీద వేలాడుతూనే ఉంది. దవడ నొప్పి పంటిదేమో, అదీ చూపించుకోవాలని ఆవిడ అనుకుంది. మెడదొకటి, పంటిదొకటి అని అందరూ వేటికవే లెక్కేశారు, తలది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఒక రోజు ఉదయం అతను చప్పుడు చెయ్యకుండా ముందుగది దాటుతుండగా, ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయింది.

"లైటెందుకు ఆర్పారు?"

అతను పైకి చూశాడు. లైటు వెలుగుతూనే ఉంది.

"ఆర్పలేదే."

ఆవిడ ఎడమ కన్ను మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది. సూది ఒళ్లో పడిపోయింది. "కుడి కంటికి ఏమీ కనిపించట్లేదండీ" అంది నెమ్మదిగా. బస్సు తప్ప ఎక్కి ఎరగనివాడు రోడ్డుకి అడ్డంపడి టాక్సీ ఆపాడు. దారిలో చూపు మసకమసకగా తిరిగొచ్చింది. అయినా ఆవిడ అతని చెయ్యి వదల్లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ కణత మీద వేలు పెట్టగానే ఆవిడ విలవిల్లాడింది. దువ్వెన పెడితే నెత్తి నొప్పా అని అడిగింది డాక్టరమ్మ. అవునంది. నములుతుంటే దవడ లాగి, ఆపితే తగ్గుతోందా? అవునంది. ఒక్కో అవునుకీ కండక్టరు కుర్చీలో కుంచించుకుపోయాడు. అన్నీ అతను చూసినవే. చూసి, తన మీద అలక అనుకున్నవే.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదామ్మా?"

"చెల్లికి చెప్పాను, నవ్వింది. ఈయనకీ చెప్పాను. లేచి వెళ్లిపోయారు."



కణత దగ్గర రక్తనాళం వాచిందని, పెద్ద వయసులోనే వచ్చే జబ్బని, అది కంటి నరాన్ని ఎండగట్టేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. చూపు పూర్తిగా పోతే తిరిగి రాదు. పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా మందు ఇప్పుడే మొదలుపెట్టాలి. రెండో కంటికీ భయం ఉంది కాబట్టి రోజూ చూపు చూసుకుంటూ ఉండాలంది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదని అతను అడగబోయాడు. అడగకుండానే మందుల చీటీ అందుకున్నాడు.

మందు పడిన మర్నాటికే నొప్పి చాలా తగ్గింది. భయం మాత్రం తగ్గలేదు. ఇక తనని ఆ పేరుతో పిలవొద్దని, ఆ మాట నొప్పికి మాత్రమే ఉంచమని కండక్టరు ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. రోజూ పొద్దున్నే మంచం కాళ్ల దగ్గర పరీక్షకి నిలబడ్డ పిల్లాడిలా నిలబడతాడు. ఆవిడ ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంటుంది.

"ఏం కనిపిస్తోంది?"

మిగతా రోజుల్లో కిటికీ అనో, గడియారం అనో చెప్పేది. ఇవాళ వెంటనే చెప్పలేదు. ఒంటికంటితో అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నా తలనొప్పి" అంది.